స్త్రీల కోరిక, డాక్టర్ల కొలత: కొన్ని విశేషాలు

నలభై మూడా, పన్నెండా?

నూటికి 43 మంది ఆడవాళ్లకు ఏదో ఒక లైంగిక సమస్య ఉందని 1999లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో ఒక సర్వే వచ్చింది. మగవాళ్లలో ఆ లెక్క 31 అట. వయాగ్రా బజారులోకి వచ్చి అప్పటికి ఏడాదే అయింది కాబట్టి, మందుల కంపెనీలకు ఈ అంకె ఎంత తీయగా వినిపించి ఉంటుందో ఊహించుకోవచ్చు. 2008లో అమెరికాలోనే 31 వేలమందికి పైగా స్త్రీలను అడిగితే మళ్లీ అదే 43 శాతం వచ్చింది. కాకపోతే ఈసారి ఇంకో ప్రశ్న కూడా అడిగారు: దానివల్ల మీకు బాధగా ఉందా? సమస్యా, బాధా రెండూ ఉన్నవాళ్లు 12 శాతమే తేలారు.

ఇప్పుడు డాక్టర్లు పాటించే నిర్వచనం కూడా ఇదే. కోరిక లేకపోవడమో, తృప్తి అందకపోవడమో, నొప్పో కనీసం ఆరు నెలలుగా ఉండాలి, దానివల్ల ఆమెకు బాధ కలగాలి. 'మా ఆవిడకి ఆసక్తి లేదండీ' అని భర్త ఒక్కడే చెప్పినంత మాత్రాన అది జబ్బు కాదు. ఇంట్లో కొట్టే తిట్టే మొగుడు ఉండి, అందువల్ల ఆమెకు కోరిక చచ్చిపోతే దాన్ని కూడా లైంగిక సమస్య కింద రాయకూడదని 2013లో వచ్చిన అమెరికా మానసిక వైద్యుల గ్రంథం డీఎస్‌ఎం-5 చెబుతుంది. అక్కడ మందు అవసరమైంది ఆమెకు కాదన్నమాట.

వెల్లూరు లెక్క, మైసూరు లెక్క

మన పక్కనే జరిగిన రెండు అధ్యయనాలు చూడండి. వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ వాళ్లు ఒక క్లినిక్‌కి వచ్చిన 149 మంది పెళ్లయిన స్త్రీలను పరిశీలించి 2009లో ఫలితాలు ప్రకటించారు. 73 శాతం మందికి సమస్య ఉందని తేలింది. మైసూరు పరిశోధకులు పల్లెల్లో తిరిగి చేసిన అధ్యయనంలో అది సుమారు 14 శాతమే. రెండూ దక్షిణాదివే, మరి ఇంత తేడా ఏమిటి?

వెల్లూరులో వాడింది 19 ప్రశ్నల పట్టిక. 2000లో అమెరికాలో తయారైన ఈ పట్టికనే ప్రపంచమంతా వాడుతుంది. గడిచిన నాలుగు వారాల్లో కోరిక ఎలా ఉంది, తడి ఎలా ఉంది, నొప్పి ఉందా అని అడిగి మార్కులు వేస్తుంది. ఒక గీత కన్నా తక్కువ మార్కులు వస్తే సమస్య ఉన్నట్టే. బాధ సంగతి అందులో లేదు. పైగా క్లినిక్‌కి వచ్చేవాళ్లు ఎలాగూ ఏదో ఒక అనారోగ్యంతోనే వస్తారు. మైసూరు వాళ్లు ఊళ్లలో మామూలుగా ఉన్నవాళ్లను కలిసి, రోగ నిర్ధారణ చేసి లెక్క కట్టారు. అంకెలు చూడగానే గుండెలు బాదుకోవడం కన్నా, ఎవరిని అడిగారు, ఏమని అడిగారు అని చూడటం మేలు.

వెల్లూరు నివేదికలో నన్ను ఆపేసింది 73 కాదు. అంతమందిలో దీని కోసం డాక్టర్ దగ్గరికి వెళ్లినవాళ్లు ఒక్కరూ లేరు.

వాత్స్యాయనుడి నాటి తగువు

ఆడవాళ్లకు మగవాళ్ల లాంటి సుఖప్రాప్తి ఉంటుందా? ఈ ప్రశ్న మీద కామసూత్రం రెండో అధికరణంలో పెద్ద వాదమే నడుస్తుంది. మగవాడిలా ఆమెకు ఉండదని ఔద్దాలకి పక్షం. మొదటినుంచీ ధారగా ఉంటుందని బాభ్రవ్యుడి శిష్యులు. అందరి మాటా విని వాత్స్యాయనుడు ఇద్దరి సుఖమూ ఒకటే జాతి అని తేల్చి, ఆమెకే ముందు తృప్తి కలిగేలా నడుచుకోమని మగవాడికి చెబుతాడు. తగువులో మాట్లాడినవాళ్లంతా మగవాళ్లే. అయినా తీర్పు మాత్రం సవ్యంగానే వచ్చింది.

ముద్దుపళని

స్త్రీ కోరికను స్త్రీయే తెలుగులో రాస్తే ఏమైందో తెలుసా? తంజావూరు ప్రతాపసింహుడి కొలువులో 18వ శతాబ్దంలో ముద్దుపళని 'రాధికా సాంత్వనం' రాసింది. 1910లో బెంగళూరు నాగరత్నమ్మ దాన్ని పూర్తిగా అచ్చు వేయించింది. వీరేశలింగం గారంతటి సంస్కర్తకే అది అసభ్యంగా తోచింది. ఆంగ్ల ప్రభుత్వం నిషేధించింది. చివరికి టంగుటూరి ప్రకాశం ముఖ్యమంత్రిగా ఉండగా ఆ నిషేధం తొలగింది. మగకవులు రాసిన శృంగారానికి లేని అభ్యంతరం దీనికెందుకని నాగరత్నమ్మ అడిగిన ప్రశ్న ఇప్పటికీ పాతబడలేదు.

చూసినా కనిపించని అవయవం

స్త్రీ సుఖానికి మూలమైన యోనిశీర్షాన్ని, అంటే క్లిటోరిస్‌ను, తానే కనిపెట్టానని 1559లో ఇటలీ వైద్యుడు రియాల్డో కొలంబో ప్రకటించుకున్నాడు. కాదు నేనని ఫలోపియో దెబ్బలాడాడు. ఇద్దరి కన్నా ముందు ఆడవాళ్లకు తెలుసన్న ఆలోచన ఇద్దరికీ వచ్చినట్టు లేదు. 1844లో జర్మన్ శరీర శాస్త్రజ్ఞుడు కోబెల్ట్ దాన్ని చక్కగా బొమ్మ గీసి చూపించాడు. తర్వాత వైద్య పుస్తకాలు ఆ సంగతి దాదాపు మర్చిపోయాయి.

1998లో ఆస్ట్రేలియా యూరాలజిస్ట్ హెలెన్ ఓకొనెల్ మళ్లీ కోసి చూసి, పైకి కనిపించేది కొసేననీ, అసలు భాగమంతా లోపల రెండు కాళ్లలా, రెండు ఉబ్బుల్లా యోనిని ఆనుకుని విస్తరించి ఉందనీ రాసింది. ఆపరేషన్లలో మగవాళ్ల నరాలు దెబ్బతినకుండా ఎలా కాపాడాలో పుస్తకాల్లో వివరంగా ఉండి, ఆడవాళ్ల గురించి ఏమీ లేకపోవడం ఆమెను ఈ పనికి పురిగొల్పింది. మొన్న 2022లో అమెరికాలోని ఒరెగాన్ పరిశోధకులు అక్కడి నరపు పోగులు లెక్కపెట్టారు: సగటున 10,281. అంతకుముందు అందరూ చెప్పే 8,000 అనే లెక్క ఆవులను పరిశీలించి చెప్పింది!

రాజకుమారి రూలుకర్ర

నెపోలియన్ వంశపు ఆడపడుచు, గ్రీసు రాజకుమారుడి భార్య మరీ బోనపార్ట్‌కు దాంపత్యంలో తృప్తి అందలేదు. ఊరుకోలేదామె. మారుపేరుతో 1924లో ఒక వైద్య వ్యాసం ప్రచురించింది. 243 మంది స్త్రీలలో యోనిశీర్షానికీ యోనిద్వారానికీ మధ్య దూరం కొలిచి, ఆ దూరం తక్కువగా ఉన్నవాళ్లకు సంభోగంలో తృప్తి సులువుగా అందుతుందని అందులో వాదించింది. తన దూరం ఎక్కువ. దాంతో వియన్నా సర్జన్ హాల్బన్ చేత ఆ భాగాన్ని దగ్గరికి జరిపించుకునే ఆపరేషన్ చేయించుకుంది. ఫలించలేదు. మళ్లీ చేయించుకుంది. అదీ అంతే.

మనోవిశ్లేషణలో ఆమె గురువు ఫ్రాయిడ్ ఇంకో దారి పట్టాడు. ఎదిగిన స్త్రీకి సుఖం యోనిలోపలి నుంచే రావాలని, బయటి నుంచి రావడం చిన్నపిల్ల లక్షణమని 1905లోనే రాశాడు. ఎంతమంది ఆడవాళ్లు తమలో లోపం ఉందని కుమిలిపోయారో ఆ ఒక్క మాటకి! 2017లో వచ్చిన అమెరికా సర్వేలో, సంభోగం ఒక్కటీ సరిపోతుందన్నవాళ్లు 18 శాతం చిల్లరే. మిగతా ఎక్కువమందికి యోనిశీర్షం దగ్గర స్పర్శ ఉండాలి, లేదా ఉంటే బాగుంటుంది. అది లోపం కాదు, శరీరం కట్టుబడే అంత. భావప్రాప్తి కావట్లేదని వచ్చే చాలామందికి డాక్టర్లు మొదట ఇచ్చే మందు ఈ నాలుగు ముక్కల సమాచారమే.

అన్నట్టు, బోనపార్ట్ కొలతల్లో నిజంగా పస ఉందని 2011లో మళ్లీ లెక్కలు వేసినవాళ్లు తేల్చారు. ఆమె లెక్క కాదు తప్పింది, కత్తి పట్టుకోవడం. 1938లో నాజీల నుంచి ఫ్రాయిడ్‌ను వియన్నా దాటించడానికి డబ్బు కట్టింది కూడా ఈమే.

వద్దంటే మొదలైంది

విలియం మాస్టర్స్, వర్జీనియా జాన్సన్ అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో దంపతులకు చికిత్స చేసేవారు. 1970లో వాళ్లు ప్రచురించిన పద్ధతిలో మొదటి నియమం, సంభోగం బంద్. ఒకరినొకరు తాకడం, ఏది హాయిగా ఉందో చెప్పడం, అంతే. మొదట్లో జననాంగాలను తాకడం కూడా నిషిద్ధం. గమ్యం అంటూ లేకపోతే భయం ఉండదు, భయం లేకపోతే శరీరం దానంతట అది స్పందిస్తుందన్నది సూత్రం. జాన్సన్‌కు కాలేజీ డిగ్రీ కూడా లేదు. అయినా ఈ పద్ధతి యాభై ఏళ్లు దాటినా సెక్స్ థెరపీకి పునాదిగా నిలిచి ఉంది.

ముందు కోరికా, ముందు స్పర్శా?

మొదట కోరిక, తర్వాత ఉద్రేకం, ఆ పైన భావప్రాప్తి అని చాలాకాలం మెట్లు కట్టారు. కెనడా డాక్టర్ రోజ్‌మరీ బాసన్ 2000లో దీన్ని వలయంగా తిప్పి చూపింది. ఏళ్ల తరబడి కాపురం చేసిన చాలామంది ఆడవాళ్లలో కోరిక ముందుగా రాదు. దగ్గరితనం కోసం మొదలుపెడతారు, శరీరం స్పందిస్తుంది, ఆ తర్వాత కోరిక పుడుతుంది. నా అంతట నాకు అనిపించట్లేదు కాబట్టి నాలో ఏదో తేడా ఉందని బెంగపడేవాళ్లకు ఈ మాట తెలిస్తే సగం భారం దిగుతుంది. కాకపోతే మొదలుపెట్టడం ఆమె ఇష్టంతో జరగాలి. ఎలాగూ తర్వాత కోరిక పుడుతుందిలే అని బలవంతం చేసే మొగుళ్లకు ఇది లైసెన్స్ కాదు.

భయం కాదు, బిగింపు

పెళ్లయి ఏళ్లు గడిచినా కలయిక జరగని జంటలు ఉంటారు. ప్రయత్నించినప్పుడల్లా యోని చుట్టూ ఉన్న కండరాలు ఆమె ప్రమేయం లేకుండానే బిగుసుకుపోతాయి, నొప్పి, మంట. డాక్టర్లు వెజినిస్మస్ అంటారు. ఇంట్లో పెద్దవాళ్లు 'పిల్లకి భయం, అదే పోతుందిలే' అంటారు. కొందరి విషయంలో పిల్లల కోసం ఆస్పత్రికి వెళ్లినప్పుడు గానీ అసలు సంగతి బయటపడదు. ఈలోపు ఆమె అత్తగారింట్లో గొడ్రాలు, అతను స్నేహితుల్లో చేతకానివాడు.

దీనికి ఆ పేరు పెట్టింది 1860ల మొదట్లో అమెరికన్ సర్జన్ మేరియన్ సిమ్స్. బానిస స్త్రీల మీద మత్తుమందు లేకుండా ఆపరేషన్లు చేసి అపకీర్తి మూటగట్టుకున్నవాడు. దీనికి కూడా ఆయన చికిత్స కోయడమే, ఆ తర్వాత గాజు గొట్టం పెట్టి ఉంచడం. ఇప్పుడు కత్తి పనిలేదు. వేలి మందం కన్నా సన్నగా మొదలై క్రమంగా పెరిగే డైలేటర్లు ఇస్తారు. వాటిని ఆమే, తన ఇంట్లో, తన వేగంతో వాడుకుంటుంది. ఊపిరి వదులుతూ కండరాలు సడలించడం ఫిజియోథెరపిస్ట్ నేర్పిస్తారు. భయం పోగొట్టే కౌన్సెలింగ్ కూడా తోడవుతుంది. స్త్రీల లైంగిక సమస్యల్లో చికిత్సకు బాగా లొంగేవాటిలో ఇదొకటి. అందుకే, ఎవరికీ చెప్పుకోలేక ఏళ్లు పోగొట్టుకునేవాళ్లను తలుచుకుంటే మరీ కష్టంగా అనిపిస్తుంది.

ఇక్కడే ఒక తిరకాసు. అమెరికా గైనకాలజిస్ట్ ఆర్నాల్డ్ కెగెల్ 1948లో కాన్పు తర్వాత మూత్రం చుక్కలుగా పోయేవాళ్ల కోసం కటి కండరాలు బిగించే వ్యాయామం ప్రచారంలోకి తెచ్చాడు. ఇప్పుడు యూట్యూబ్‌లో ప్రతి సమస్యకూ అదే చెబుతున్నారు. కండరాలు వదులైనవాళ్లకు అది మంచిదే. అసలే బిగుసుకుపోయినవాళ్లు ఇంకా బిగించడం మొదలుపెడితే నొప్పి ముదురుతుంది. వాళ్లు ముందు నేర్చుకోవాల్సింది వదలడం.

గర్భసంచి ఆపరేషన్‌లో మనమే ముందు

2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. మొదటి రెండు స్థానాలూ మనవే. దీనికీ దాంపత్యానికీ ఏమిటి సంబంధమంటారా? గర్భసంచి ఒక్కటే తీస్తే కోరిక పోతుందన్నది అపోహ. ఎడతెగని రక్తస్రావంతో విసిగిపోయినవాళ్లు ఆపరేషన్ తర్వాత సుఖపడటం కూడా ఉంది. చిక్కు వచ్చేది పనిలో పనిగా అండాశయాలు కూడా తీసేసినప్పుడు. నెలసరి ఆగే వయసులో హార్మోన్లు నెమ్మదిగా తగ్గుతాయి. ఇక్కడ మాత్రం ముప్పై అయిదేళ్లకే రాత్రికి రాత్రి ఈస్ట్రోజెన్ పడిపోతుంది, టెస్టోస్టిరాన్ దాదాపు సగమవుతుంది. యోని పొడిబారుతుంది, మంట పుడుతుంది, కలిస్తే నొప్పి, దాంతో విముఖత. ఆపరేషన్ చీటీలో అండాశయాలు ఉంచారా, తీశారా అన్న ఒక్క ముక్క చదివించుకున్నవాళ్లు మన ఊళ్లలో ఎంతమంది?

మామూలుగా నెలసరి ఆగినవాళ్లకూ పొడిదనం వస్తుంది. వేడి ఆవిర్లు కొన్నేళ్లకు తగ్గుతాయి గానీ ఇది మందు వాడకపోతే తగ్గదు, పెరుగుతుంది. యోనిలో రాసుకునే ఈస్ట్రోజెన్ క్రీము తక్కువ మోతాదుది, రక్తంలోకి చేరేది బహు కొద్ది. రొమ్ము క్యాన్సర్ వచ్చి తగ్గినవాళ్లు మాత్రం తమ క్యాన్సర్ డాక్టర్‌ను అడగకుండా వాడకూడదు. ఏదీ వద్దనుకుంటే కలిసేముందు రాసుకునే జెల్ మందుల షాపులోనే దొరుకుతుంది. పాలిచ్చే తల్లులకూ కొన్నాళ్లు ఇదే పొడిదనం ఉంటుంది. కాన్పయ్యాక కోరిక తగ్గడానికి నిద్రలేమి ఒక్కటే కారణం కాదు.

మాత్రల డబ్బాలోనే దొంగ

డిప్రెషన్‌కు ఇచ్చే ఎస్‌ఎస్‌ఆర్‌ఐ రకం మాత్రలు కోరికనూ భావప్రాప్తినీ తగ్గిస్తాయి. కొన్ని బీపీ మాత్రలు, కొందరిలో గర్భనిరోధక మాత్రలు, మానసిక జబ్బులకిచ్చే కొన్ని మందులు కూడా అంతే. డిప్రెషన్ కూడా కోరికను చంపుతుంది కాబట్టి, తప్పు జబ్బుదా మందుదా అన్నది డాక్టరే విప్పి చెప్పాలి. మందు మార్చడమో, మోతాదు తగ్గించడమో చేస్తారు. సొంతంగా ఆపేయడం మాత్రం ప్రమాదం. థైరాయిడ్, షుగర్, ప్రొలాక్టిన్ హార్మోను పెరగడం, ఎండోమెట్రియోసిస్ కూడా ఈ జాబితాలోవే.

పింక్ మాత్ర కథ

మగవాళ్లకు నీలం మాత్ర దొరికాక ఆడవాళ్లకూ అదే ఇద్దామని ఫైజర్ సుమారు 3,000 మంది స్త్రీల మీద వయాగ్రా పరీక్షించి, 2004లో చేతులెత్తేసింది. రక్తప్రసారం పెరిగినా మనసుకు ఆ కబురు అందలేదు.

తర్వాత వచ్చింది ఫ్లిబాన్సరిన్. మొదట డిప్రెషన్ మందుగా తయారై, ఆ పనిలో ఫెయిలైంది. కోరికకు పనికొస్తుందని అడిగితే అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2010లో, 2013లో కాదంది. స్త్రీలంటే మీకు వివక్ష అని పెద్ద ప్రచారం నడిచాక 2015 ఆగస్టు 18న ఒప్పుకుంది. రెండు రోజులకే, ఆ మందు హక్కులున్న చిన్న కంపెనీని వాలియంట్ అనే పెద్ద కంపెనీ 100 కోట్ల డాలర్లకు కొనేసింది. ఇంతా చేసి ఫలితం? రోజూ రాత్రి వేసుకుంటే, ఉత్తుత్తి మాత్రతో పోలిస్తే నెలకు తృప్తికరమైన కలయికలు సగం నుంచి ఒకటి వరకు పెరుగుతాయి. తాగి వేసుకుంటే బీపీ పడిపోయి స్పృహ తప్పొచ్చు. ఆ తాగుడు ప్రమాదాన్ని పరీక్షించింది 25 మంది మీద. అందులో మగవాళ్లు ఎంతమందనుకున్నారు? 23!

2019లో వచ్చిన బ్రెమెలనోటైడ్ ఇంజెక్షన్‌ది ఇంకో చిత్రం. ఎండలో పడుకోకుండానే తెల్లవాళ్ల చర్మానికి రంగు తెప్పించే మందు కోసం చేసిన పరిశోధనలోంచి పుట్టిందది. కలయికకు ముప్పావుగంట ముందు పొట్టకో తొడకో పొడుచుకోవాలి. నూటికి 40 మందికి కడుపులో తిప్పింది. వాంతి వచ్చేలా ఉన్నప్పుడు శృంగారం ఎలాగో కంపెనీయే చెప్పాలి.

మగ హార్మోన్ మగవాళ్లదే కాదు

టెస్టోస్టిరాన్ ఆడవాళ్ల అండాశయాల్లో కూడా తయారవుతుంది. నెలసరి ఆగాక కోరిక పోయి బాధపడే స్త్రీలకు చిన్న మోతాదులో ఇది పనిచేస్తుందని 2019లో అంతర్జాతీయ నిపుణుల సంఘాలు కలిసి ఒప్పుకున్నాయి. ఇంకే సమస్యకూ దీన్ని వాడటానికి ఆధారం లేదని కూడా అన్నాయి. స్త్రీల కోసమే తయారుచేసిన క్రీముకు ఆస్ట్రేలియా 2020లో అనుమతి ఇచ్చింది. చాలా దేశాల్లో డాక్టర్లు మగవాళ్ల జెల్‌నే కొద్దికొద్దిగా వాడిస్తున్నారు. మోతాదు మించితే గొంతు బొంగురుపోతుంది, అది మళ్లీ మామూలు కాకపోవచ్చు.

లేజర్ మెరుపులు

'యోని పునర్యవ్వనం' పేరుతో లేజర్ చికిత్సల ప్రకటనలు ఇప్పుడు మన నగరాల్లోనూ కనిపిస్తున్నాయి. ఈ యంత్రాలను పొడిదనానికీ లైంగిక సమస్యలకూ వాడటానికి తాము అనుమతి ఇవ్వలేదని, కాలిన గాయాలు, మచ్చలు, మానని నొప్పి రావచ్చని అమెరికా నియంత్రణ సంస్థ 2018 జులైలోనే హెచ్చరించింది. ఫీజు వేలల్లో ఉంటుంది కాబట్టి ఈ సంగతి ప్రకటనలో ఉండదు.

వెన్ను విరిగినా

వెన్నుపాము పూర్తిగా తెగిన కొందరు స్త్రీలు తమకు భావప్రాప్తి కలుగుతోందని చెబితే మొదట డాక్టర్లు నమ్మలేదు. అమెరికా శాస్త్రజ్ఞులు కోమిసరుక్, విపుల్ వాళ్ల మెదడును స్కానింగ్ చేసి చూస్తే నిజమేనని తేలింది. వెన్నుపామును ముట్టకుండా మెడ పక్కగా మెదడుకు వెళ్లే వేగస్ నరం ఆ కబురు మోస్తోందట. ఆ ఆడవాళ్లు చెప్పింది మొదటినుంచీ నిజమే.

డాక్టర్ దగ్గర ఏమనాలి?

చాలామంది డాక్టర్లు తమంతట తాము ఈ విషయం ఎత్తరు. పేషెంటే చెబుతుందిలే అని వాళ్లు, డాక్టరే అడుగుతారులే అని వీళ్లు. కాబట్టి మీరే మొదలుపెట్టండి. వైద్య పరిభాష అక్కర్లేదు. 'కలిసినప్పుడు నొప్పి వస్తోంది', 'పొడిగా ఉంటోంది', 'ఇదివరకటిలా అనిపించట్లేదు, బాధగా ఉంది' అంటే చాలు. ఎప్పటినుంచో చెప్పండి, వాడే మాత్రలన్నీ సంచిలో వేసుకెళ్లండి, ఆపరేషన్ అయి ఉంటే ఆ కాగితాలూ పట్టుకెళ్లండి. నొప్పి ఉంటే మొదట గైనకాలజిస్ట్ దగ్గరికి వెళ్లాలి. 'సర్దుకుపోవాలమ్మా' అని పంపించేస్తే ఇంకో డాక్టర్‌ను వెతుక్కోండి.

భర్తలకూ ఒక మాట. తోడు వెళ్లండి. లోపలికి రమ్మని ఆవిడ అంటేనే లోపలికి వెళ్లండి.